వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ (జనవరి 16, 1803 – మార్చి 1, 1887) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన స్కాట్లండు దేశీయుడు, నాణేల పరిశోధకుడు, శాసనాల సేకర్త, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. గుంటూరు నుండి గంజాం వరకు వ్యాపించిన ఉత్తర సర్కారుల పరిపాలనకు ఇతడు 1854 వరకు కమిషనరుగా పనిచేశాడు. 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించాడు. దక్షిణ భారతదేశంలో చలామణీ అయిన పాత నాణేలను దాదాపు నాలుగు దశాబ్దాల పాటు సేకరించి, వృద్ధాప్యంలో చూపు దాదాపుగా కోల్పోయిన తరువాత వాటిపై గ్రంథం రచించాడు. శాతవాహనుల సీసపు నాణేలు, చాళుక్యుల వరాహ ముద్ర గల బంగారు నాణేలు, విజయనగర వరహాలు మొదలైన వాటి అధ్యయనానికి ఈ గ్రంథం తొలి మెట్లలో ఒకటి.

జననం, విద్య

వాల్టర్ ఇలియట్ 1803 జనవరి 16న ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి రాక్స్‌బర్గ్‌షైర్ ప్రాంతంలోని వుల్ఫిలీ ఎస్టేటు యజమాని జేమ్స్ ఇలియట్. తల్లి కరోలిన్. బాల్యంలో కొంతకాలం ప్రైవేటు పాఠశాలలలోను, కొంతకాలం ఇంటివద్ద ఉపాధ్యాయుని వద్దను చదువుకున్నాడు. 1818లో, అంటే పదిహేనేళ్ళ వయసులో, కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కళాశాలలో చేరాడు. మద్రాసు రాష్ట్రంలో ఉద్యోగం పొంది 1821లో భారతదేశానికి చేరుకున్నాడు.

కిత్తూరులో బందీ

1823లో ఇలియట్ సేలం జిల్లా కలెక్టరుకు సహాయకునిగా నియమితుడయ్యాడు. కొద్ది కాలానికే అతనిని దక్షిణ మహారాష్ట్ర ప్రాంతానికి బదిలీ చేశారు. ధార్వాడ, బెళగావి పరిసరాలను అప్పట్లో ఆ పేరుతో పిలిచేవారు. 1824 అక్టోబరులో కిత్తూరు రాణి చెన్నమ్మ కంపెనీ ప్రభుత్వాన్ని ఎదిరించినపుడు జరిగిన పోరులో పొలిటికల్ ఏజెంటు థాకరే, మరి కొందరు అధికారులు మరణించారు. ఇలియట్, స్టీవెన్‌సన్ అనే మరో యువ సహాయకుడు కిత్తూరు వారి చేతిలో బందీలయ్యారు. ప్రాణభయంతో కొన్ని వారాలు గడిపిన తరువాత విడుదలయ్యారు.

ఈ ప్రాంతం తరువాత బొంబాయి రాష్ట్రంలో చేరింది. మామూలుగా అయితే ఇలియట్ మద్రాసుకు తిరిగి రావలసి ఉండగా, బొంబాయి గవర్నరు సర్ జాన్ మాల్కం ప్రత్యేకంగా కోరడంతో 1833 వరకు అక్కడే ఉన్నాడు.

శాసనాల సేకరణ

కన్నడ దేశంలో ఉద్యోగం చేస్తున్న కాలంలోనే ఇలియట్‌కు శాసనాలపై ఆసక్తి కలిగింది. గుళ్ళలోను, ఊరి బయటి రాళ్ళపైను ఉన్న పాత కన్నడ శాసనాలకు దేశీయ పండితుల సహాయంతో నకళ్ళు తీయించాడు. ఈ విధంగా సేకరించిన 595 శాసనాల నకళ్ళు "కర్ణాటక దేశ శాసనాలు" అనే పేరుతో వ్రాతప్రతి సంపుటాలుగా మిగిలాయి. వీటి ఆధారంగా చాళుక్యులు, కలచురులు, యాదవులు మొదలైన రాజవంశాల క్రమాన్ని వివరిస్తూ వ్రాసిన వ్యాసం రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో 1837లో వెలువడింది. తరువాతి కాలంలో జె.ఎఫ్. ఫ్లీట్ వంటి శాసన పరిశోధకులు ఇలియట్ నకళ్ళను విరివిగా వాడుకున్నారు.

ఇలియట్ నాణేల పరిశోధనకు ఈ శాసనాల పనే పునాది అయింది. నాణెంపై సాధారణంగా ఒకటి రెండు అక్షరాలు, ఒక జంతువు బొమ్మ తప్ప మరేమీ ఉండదు. ఆ బొమ్మ ఏ వంశపు లాంఛనమో, ఆ బిరుదు ఏ రాజుదో తెలియాలంటే శాసనాలు తెలిసి ఉండాలి.

స్వదేశ ప్రయాణం, మద్రాసు ఉద్యోగం

1833 డిసెంబరులో ఇలియట్ బొంబాయి నుండి సెలవుపై బయలుదేరి ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టు చేరాడు. ఎడారి దాటి నైలు నది మార్గాన కైరో వెళ్ళాడు. తరువాత పాలస్తీనా, కాన్‌స్టాంటినోపుల్, ఏథెన్సు, రోము నగరాలు చూసి 1835 మే నెలలో ఇంగ్లాండు చేరుకున్నాడు. మరుసటి సంవత్సరం మద్రాసు గవర్నరుగా నియమితుడైన తన బంధువు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా తిరిగి భారతదేశానికి ప్రయాణమయ్యాడు. 1839 జనవరి 15న మాల్టాలో మరియా డొరోతియా హంటర్ బ్లెయిర్‌ను వివాహం చేసుకున్నాడు. మద్రాసులో రెవెన్యూ బోర్డులో కూడా పనిచేశాడు.

ఉత్తర సర్కారులలో

1832–33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. ఆ తరువాత కూడా జిల్లా ఆదాయం పడిపోతూ వచ్చింది. దీనికి కారణాలు విచారించడానికి ప్రభుత్వం 1845లో ఇలియట్‌ను నియమించింది. జమీందారుల దుబారా ఖర్చులు, రైతుల నుండి అక్రమ వసూళ్ళు, రెవెన్యూ ఉద్యోగుల అవినీతి జిల్లాను దివాలా తీయించాయని ఇలియట్ నివేదించాడు. భూములను కొత్తగా సర్వే చేసి శిస్తు నిర్ణయించాలని, బాకీ పడిన జమీందారీలను ప్రభుత్వమే శాశ్వతంగా తీసుకోవాలని సూచించాడు. కంపెనీ డైరెక్టర్లు కొన్ని మార్పులతో ఈ సూచనలను ఆమోదించారు.

దీని తరువాత గవర్నరు సర్ హెన్రీ పాటింజరు ఇలియట్‌ను ఉత్తర సర్కారులన్నిటి పరిపాలనకు కమిషనరుగా నియమించాడు. అప్పటి విశాఖపట్నం జిల్లా కూడా ఈ సర్కారులలోనిదే. ఆ జిల్లాలోని గొలుగొండ కొండ ప్రాంతంలో 1845–48 మధ్య కంపెనీ పాలనకు వ్యతిరేకంగా తిరుగుబాటు (పితూరీ) సాగింది. తరువాతి కాలంలో గొలుగొండ తాలూకాకు నర్సీపట్నం కేంద్రమైంది. నర్సీపట్నం 2022లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. సర్కారు జిల్లాల తీరంలో పాత రేవు పట్టణాలు, నదీ ముఖద్వారాలు, బౌద్ధ క్షేత్రాల దిబ్బలు విస్తారంగా ఉండటం వల్ల ఇలియట్ సేకరణకు ఈ ఉద్యోగం ఎంతో అనుకూలించింది. వేంగీ చాళుక్యుల రాజధాని ఆనవాళ్ళ కోసం ఏలూరు సమీపంలోని పెదవేగి, దెందులూరు శిథిలాలను ఇతడు పరిశీలించాడు. ఈ ప్రాంతంలో లభించిన తామ్ర శాసనాలకు నకళ్ళు తీయించాడు.

అమరావతి తవ్వకాలు

అమరావతి దిబ్బను వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కాలంలో, 18వ శతాబ్దం చివర, ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వారు. కల్నల్ కాలిన్ మెకంజీ ఆ స్థలాన్ని చూసి 1816 ప్రాంతంలో బొమ్మలు గీయించాడు. ఇలియట్ గుంటూరు విచారణకు వచ్చిన 1845లో దిబ్బలో ఒక భాగాన్ని తవ్వించి, బయటపడిన పాలరాతి వంటి సున్నపురాతి శిల్పాలను మద్రాసుకు తరలించాడు. ఇవి "ఇలియట్ మార్బుల్స్" అనే పేరుతో ప్రసిద్ధి చెందాయి. 1858లో లినేయస్ ట్రైప్ వీటిని ఫొటోలు తీశాడు. 1859లో శిల్పాలను లండనుకు పంపించారు. అక్కడ కొన్నేళ్ళు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న వీటి విలువను జేమ్స్ ఫెర్గూసన్ 1867 ప్రాంతంలో గుర్తించాడు. 1880లో ఇవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

నాణేల సేకరణ

నాణేలు కరిగిపోయిన కాలం

ఇలియట్ భారతదేశానికి వచ్చిన కాలంలో దక్షిణ దేశపు నాణేల వ్యవస్థ పూర్తిగా మారిపోతున్నది. అంతకు ముందు శతాబ్దాలుగా ఇక్కడి పెద్ద లావాదేవీలు బంగారు వరహాలలో, మాడలలో, పణాలలో జరిగేవి. చిల్లర వ్యవహారం రాగి కాసులతో, దుడ్లతో, డబ్బులతో నడిచేది. ఒక్కొక్క సంస్థానానికి, ఒక్కొక్క రేవుకు వేర్వేరు టంకశాలలు, వేర్వేరు మారకపు రేట్లు ఉండేవి. షరాబులు గీటురాయి మీద గీసి, త్రాసులో తూచి, ప్రతి నాణేనికి వెల కట్టేవారు.

1818లో మద్రాసు ప్రభుత్వం వెండి రూపాయిని ప్రామాణిక నాణెంగా ప్రకటించింది. నూరు వరహాలకు 350 రూపాయల చొప్పున లెక్క కట్టారు. 1835లో కంపెనీ రాజ్యమంతటికీ 180 గ్రెయిన్ల (సుమారు 11.66 గ్రాముల) బరువు గల ఒకే రూపాయి వచ్చింది. దానితో పాత నాణేలకు చలామణీ విలువ పోయి లోహపు విలువ మాత్రమే మిగిలింది. పొలం దున్నుతుండగా దొరికిన పాత బంగారు నాణెం కంసాలి మూసలోకి, సీసపు నాణెం కంచరివాని కొలిమిలోకి వెళ్ళేది.  ఒక రాజు పేరు మిగిలిన ఏకైక ఆధారం అలా ఒక్క పూటలో నగగానో, పాత్రకు అతుకుగానో మారిపోయే అవకాశం ఉండేది. ఇలియట్ వంటి సేకర్తలు నాణేలను కొన్నది ఇటువంటి సమయంలోనే.

అమెరికా వెండి, తెలుగు అక్షరాలు

దక్షిణాదిన పూర్వం బంగారు, రాగి నాణేలతో పోలిస్తే వెండి నాణేలు తక్కువ. క్రీస్తుపూర్వపు విద్ధాంక నాణేలు (గుర్తులు గుద్దిన వెండి ముక్కలు), శాతవాహనుల కొన్ని వెండి నాణేలు, రోము నుండి వచ్చిన వెండి దీనారాలు వదిలేస్తే చాలాకాలం వెండి చలామణీ పలుచగానే ఉండేది. మొగలుల రూపాయి, ఐరోపా వర్తకుల ఓడలు ఈ స్థితిని మార్చాయి.

డచ్చివారు, ఇంగ్లీషువారు కోరమాండల్ తీరంలో నేతబట్టలు కొనడానికి తెచ్చిన సొమ్ములో స్పానిష్ డాలర్లు ముఖ్యమైనవి. మెక్సికో, పెరూ, బొలీవియా ప్రాంతాల గనులలో తవ్విన వెండితో అక్కడి టంకశాలలలోనే ముద్రించిన పాత అమెరికా నాణేలు ఇవి. ఒక్కొక్కటి దాదాపు 27 గ్రాముల బరువుండేది. మద్రాసు, మచిలీపట్నం వంటి చోట్ల వీటిని కరిగించి రూపాయలు కొట్టేవారు. 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల మరో పద్ధతి కూడా అవలంబించింది. స్పానిష్ డాలర్ల పైనే కొత్త అచ్చు గుద్ది అర వరహా వెండి నాణేలు తయారు చేసింది. వీటిలో ఒక వైపు నక్షత్రాల మధ్య గోపురం, రెండవ వైపు విష్ణుమూర్తి రూపం కనిపిస్తాయి. ఇంగ్లీషు, పారశీక అక్షరాలతో పాటు అర పూవరహా అనే అర్థం వచ్చే తెలుగు, తమిళ అక్షరాలు కూడా వీటిపై ఉన్నాయి.

ఈ నాణేలలో కొన్నింటి పైన అచ్చు సరిగా పడక, పాత స్పానిష్ నాణెంలోని లాటిన్ అక్షరాలో, రాజు బొమ్మ అంచులో గోపురం కింద మసకగా కనిపిస్తాయి. షరాబు దృష్టిలో ఇది లోపం. నాణేల సేకర్తలు మాత్రం ఇటువంటి నాణేన్ని ప్రత్యేకంగా ఎంచుకుంటారు. అమెరికా గని నుండి తెలుగు సంతకు వెండి వచ్చిన దారి ఆ ఒక్క నాణెం మీదనే కనిపించడం దీనికి కారణం. ఇలియట్ మద్రాసు చేరేనాటికి ఈ నాణేలు ముద్రించి ఇంకా పదిహేనేళ్ళు కూడా కాలేదు.

విలువ కట్టే పద్ధతి

నాణేనికి షరాబు కట్టే విలువ వేరు, చరిత్రకారుడు కట్టే విలువ వేరు. ఇలియట్ రచనలలో కనిపించే పరిశీలనా పద్ధతిలో ముఖ్యమైన అంశాలు ఇవి:

లాంఛనం: చాళుక్యుల లాంఛనం వరాహం. వరాహ ముద్ర గల బంగారు నాణేల నుండే వరహా అనే పేరు వచ్చిందని ఇలియట్ వివరించాడు. రాజవంశం అంతరించిన తరువాత కూడా, ముద్ర మారిన తరువాత కూడా ఆ పేరు ప్రజల నోట నిలిచిపోయింది.

తూకం: బంగారు నాణేల తూకాలకు మూలం చెట్ల గింజలు. తమిళ దేశపు కళంజు అనే తూకానికి గచ్చకాయ గింజ, మంజాడి అనే తూకానికి బండి గురివింద గింజ ఆధారాలు. వృక్షశాస్త్రం కూడా తెలిసిన ఇలియట్ ఈ గింజల బరువులను నాణేల బరువులతో పోల్చి చూశాడు. దేశీయ తూకపు కొలతకు సరిపడే నాణేన్ని, బయటి నుండి వచ్చిన నాణేన్ని వేరుచేయడానికి ఇది ఉపయోగపడుతుంది.

తయారీ విధానం: కొన్ని నాణేలు అచ్చుల మధ్య ఒక్క దెబ్బతో ముద్రించినవి. పద్మటంకాల వంటివి పలుచని బంగారు రేకుపై వేర్వేరు ముద్రలను ఒక్కొక్కటిగా గుద్దినవి. వెండి విద్ధాంక నాణేలు రేకును ముక్కలుగా కత్తిరించి, మూలలు తీసి బరువు సరిచేసి గుర్తులు వేసినవి. పద్ధతిని బట్టి నాణెం కాలాన్ని స్థూలంగా అంచనా వేయవచ్చు.

దొరికిన చోటు: ఒకే రకం నాణేలు ఒకే నదీ ప్రాంతంలో ఎక్కువగా దొరికితే అవి అక్కడి పాలకులవి అయ్యే అవకాశం ఎక్కువ. అక్షరాలు లేని నాణేల విషయంలో ఇది ముఖ్యమైన ఆధారం.

సీసపు నాణేలు

లోహం ధరను బట్టి చూస్తే సేకరణలో అతి చౌకైనవి సీసపు నాణేలు. కృష్ణా, గోదావరి మండలాలలో వర్షాలు వెలిసిన తరువాత పాత దిబ్బల మీద ఇవి బయటపడేవి. నల్లగా, అరిగిపోయి ఉండే వీటిని గురించి షరాబులకు ఆసక్తి లేదు. ఇలియట్ వీటిని జాగ్రత్తగా పోగుచేశాడు. ఏనుగు, సింహం, గుర్రం, చైత్యం, ఉజ్జయినీ చిహ్నం, ఓడ మొదలైన గుర్తులను బట్టి వర్గీకరించాడు. మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ పత్రికలో 1857–58 కాలంలో ప్రచురించిన నాణేల వ్యాసాలలో వీటిని పండితులకు పరిచయం చేశాడు. ఆంధ్రదేశాన్ని ఏలిన శాతవాహనుల పేర్లు పురాణాలలోను, పడమటి కనుమల గుహాశాసనాలలోను మాత్రమే కనిపిస్తున్న రోజులలో, వారి అధికారం తూర్పు తీరంలో ఎంతవరకు వ్యాపించిందో చెప్పడానికి ఈ సీసపు ముక్కలు ముఖ్యమైన సాక్ష్యాలయ్యాయి.

ప్రకృతి శాస్త్ర కృషి

ఇలియట్ పక్షులు, జంతువులు, చేపలు, మొక్కలను కూడా సేకరించాడు. తెలుగు జిల్లాలలో కనిపించే మొక్కల దేశీయ నామాలను, శాస్త్రీయ నామాలను జతచేసి "ఫ్లోరా ఆంధ్రికా" అనే పుస్తకాన్ని 1859లో మద్రాసులో ప్రచురించాడు. విశాఖపట్నం వద్ద వాల్తేరు తీరంలో సేకరించిన, గుల్ల లేని సముద్రపు నత్తలకు చిత్రకారులతో రంగుల బొమ్మలు గీయించాడు. వీటి ఆధారంగా ఆల్డర్, హాన్‌కాక్ అనే శాస్త్రజ్ఞులు 1864లో పలు కొత్త జాతులను వర్ణించారు. చార్లెస్ డార్విన్ కోరికపై పెంపుడు పావురాలు, కోళ్ళ చర్మాలను పంపించాడు. డార్విన్ తన "జాతుల ఉత్పత్తి" గ్రంథంలో ఇతని సహాయాన్ని పేర్కొన్నాడు. దక్షిణ భారతదేశంలో నివసించే ఒక చెట్టు మూషికానికి శాస్త్రీయ నామంలో ఇలియట్ పేరు చేర్చారు.

మద్రాసు కౌన్సిలు, పదవీ విరమణ

1854లో ఇలియట్ మద్రాసు గవర్నరు కౌన్సిలులో సభ్యుడయ్యాడు. 1858 నవంబరు 1న భారతదేశ పాలన కంపెనీ నుండి విక్టోరియా రాణికి మారినట్లు మద్రాసులో ప్రకటించినపుడు, గవర్నరు లార్డ్ హారిస్ అనారోగ్యంతో ఉన్నందున, సీనియర్ సభ్యునిగా ఇలియట్ ఆ కార్యక్రమంలో ముఖ్యపాత్ర వహించాడు. 1860లో ఉద్యోగ విరమణ చేసి స్కాట్లండులోని వుల్ఫిలీకి వెళ్ళిపోయాడు. 1866లో కె.సి.ఎస్.ఐ. బిరుదు, 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి.

నాణేల గ్రంథం, చివరి రోజులు

ఇలియట్ స్వదేశానికి వెళ్ళిన తరువాత పాతికేళ్ళ వరకు అతని నాణేల సేకరణపై సమగ్రమైన గ్రంథం వెలువడలేదు. ఈ లోగా అతని చూపు క్రమంగా తగ్గి, చివరకు దాదాపు పూర్తిగా పోయింది. నాణేల పరిశోధకునికి ఇది పెద్ద దెబ్బ. అరిగిన నాణెంపై గుర్తును చదవడానికి ఆరోగ్యమైన కళ్ళకే భూతద్దం అవసరమవుతుంది. ఏ నాణెం ఎక్కడ దొరికింది, ఎవరి ద్వారా వచ్చింది, దానితో పాటు ఇంకేమి లభించాయి అనే విషయాలలో చాలా భాగం ఇలియట్ జ్ఞాపకంలోనే ఉన్నాయి. గ్రంథం వ్రాయకుండా మరణించి ఉంటే నాణేలు మిగిలినా వాటి చరిత్రలో అధిక భాగం అతనితోనే పోయేది.

ఎడ్వర్డ్ థామస్ సంపాదకత్వంలో "ఇంటర్నేషనల్ న్యూమిస్మేటా ఓరియంటేలియా" అనే గ్రంథమాల వెలువడుతుండేది. ఇందులో మూడవ సంపుటం రెండవ భాగంగా ఇలియట్ "కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా" గ్రంథాన్ని 1885–86 ప్రాంతంలో లండనులోని ట్రూబ్నర్ సంస్థ ప్రచురించింది. అప్పటికి ఇలియట్ ఎనభై ఏళ్ళు దాటినవాడు. గ్రంథంలో విద్ధాంక నాణేలతో మొదలుపెట్టి ఆంధ్ర, పల్లవ, చాళుక్య, చోళ, పాండ్య, విజయనగర నాణేల వరకు వివరించాడు. నాణేల బొమ్మలతో కూడిన పలకలను చేర్చాడు.

1887 మార్చి 1న ఉదయం ఇలియట్ తమిళ పండితుడు జి.యు. పోప్‌కు ఒక ఉత్తరం చెప్పి వ్రాయించి, తన చేతితో సంతకం చేశాడు. పోప్ సిద్ధం చేస్తున్న తిరుక్కురళ్ ముద్రణ ఎంతవరకు వచ్చిందని అందులో విచారించాడు. ఆనాటి సాయంత్రమే వుల్ఫిలీలో మరణించాడు.

సవరణలు, విమర్శలు

ఇలియట్ నిర్ణయాలలో కొన్ని తరువాతి పరిశోధనలో నిలబడలేదు. కోరమాండల్ తీరంలో దొరికే ఓడ గుర్తు గల సీసపు నాణేలు పల్లవులవని లేదా కురుంబరులవని ఇతడు భావించాడు. వాటిలో కొన్నింటిపై పులుమావి పేరును తరువాతి పండితులు చదవడంతో అవి శాతవాహనులవని తేలింది. అక్షరాలు లేని నాణేలకు దొరికిన చోటును, స్థానిక ఐతిహ్యాన్ని బట్టి వంశాన్ని నిర్ణయించడంలో ఉన్న ప్రమాదానికి ఇది ఉదాహరణ. అయినా ప్రతి రకాన్ని బొమ్మతో సహా ప్రచురించినందువల్లనే ఇతని పొరపాట్లను ఇతరులు సరిదిద్దగలిగారు.

అమరావతి తవ్వకాలపై కూడా విమర్శ ఉంది. నాటి పద్ధతుల ప్రకారం శిల్పాలను బయటకు తీయడంపైనే దృష్టి ఉండేది. ఏ శిల్పం స్తూపంలో ఏ స్థానంలో ఉండేదో తగినంతగా నమోదు కాలేదు. శిల్పాలు మద్రాసులో చాలాకాలం ఆరుబయట ఎండకు, వానకు ఉండిపోయాయి. తరువాత వాటిలో ఎక్కువ భాగం దేశం దాటిపోయింది. నాణేల విషయంలోనూ ఇదే జరిగింది. కొలిమి నుండి తప్పించిన నాణేలు తెలుగు విద్యార్థులకు అందుబాటులో లేకుండా లండను చేరాయి. ఇలియట్‌కు శాసనాలు చదివిపెట్టిన పండితులలో, బొమ్మలు గీసిన చిత్రకారులలో, నాణేలు తెచ్చి ఇచ్చిన గ్రామస్థులలో చాలామంది పేర్లు చరిత్రలో నిలవలేదు.

సేకరణ, తరువాతి పరిశోధన

ఇలియట్ నాణేలు బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి. ఇ.జె. రాప్సన్ 1908లో ప్రచురించిన ఆంధ్ర, పశ్చిమ క్షత్రప నాణేల పట్టికలో ఇలియట్ సేకరణ నుండి వచ్చిన నాణేలు ఎన్నో ఉన్నాయి. ఆంధ్రుల ప్రాచీన చరిత్రపై 20వ శతాబ్దంలో జరిగిన పరిశోధనకు రాప్సన్ పట్టిక ముఖ్యమైన ఆధార గ్రంథమైంది.

ఇలియట్ పనిచేసిన సర్కారు జిల్లాలలో తరువాత శాస్త్రీయమైన తవ్వకాలు జరిగాయి. అనకాపల్లి సమీపంలోని శంకరం బౌద్ధక్షేత్రంలో (బొజ్జన్నకొండ) అలెగ్జాండర్ రే 1907–08లో జరిపిన తవ్వకాలలో సముద్రగుప్తుని బంగారు నాణెం, విషమసిద్ధి అనే బిరుదు గల చాళుక్య రాగి నాణేలు, సీసపు నాణెం లభించాయి. అమరావతిలో దొరికిన ఏడు వేలకు పైగా వెండి విద్ధాంక నాణేల నిధిని పరమేశ్వరీలాల్ గుప్తా పరిశీలించి వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది. ఇలియట్ తన గ్రంథంలో మొట్టమొదట వర్ణించిన వెండి నాణేల రకమే ఇంత పెద్ద సంఖ్యలో, అతడు తవ్వించిన అమరావతిలోనే లభించింది.

పాత నాణెం విలువ దాని లోహంలో కంటే అది ఎక్కడ, వేటితో కలిసి దొరికిందనే వివరంలో ఎక్కువగా ఉంటుందనేది ఇలియట్ కృషి వల్ల స్పష్టమైన విషయం. ఈ కారణం వల్లనే దొరికిన నాణేలను చింతపండుతోనో, ఆమ్లంతోనో తోమి మెరిపించడం, నిధిని విడదీసి అమ్మడం పరిశోధనకు నష్టం కలిగిస్తాయి. నాణెం పైపొర పోతే గుర్తులు పోతాయి. నిధి చెదిరితే కాల నిర్ణయానికి ఆధారం పోతుంది.

ముఖ్య రచనలు

హిందూ శాసనాలపై వ్యాసం (రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక, 1837)
దక్షిణ మహారాష్ట్ర ప్రాంతపు క్షీరదాల పట్టిక (1839)
న్యూమిస్మాటిక్ గ్లీనింగ్స్ (మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్, 1857–58)
ఫ్లోరా ఆంధ్రికా (1859)
కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా (1885–86)